ఇరవై శాతం కలిపి

లెక్క మళ్లీ అంతే వచ్చింది, ఎన్నిసార్లు వేసినా అర హార్స్‌పవర్‌కు పైనే, పది అంగుళాల ప్రొపెల్లర్, నిమిషానికి పదివేల ఎనిమిది వందల చుట్లు, అంత బలమున్న ఇంజను రెండున్నర కిలోల బొమ్మ విమానాన్ని గాలిలో నిలపలేకపోయిందంటే ఎవరు నమ్ముతారు, మా అన్న రాంప్రసాద్ నమ్మలేదు, నమ్మకపోతే పోనీ, నెక్కొండ దాకా పోయి ఆ చేను గట్టు మీద పదిమంది ముందు ఆ మాట అనాలా, యమునా నీ చెయ్యి వణుకుతాంది, రిమోటు స్టిక్కు ముందుగల్లనే గుంజుతానవ్, ఇంజనుకు బలం చాలట్లేదేమో అన్నా అంటే నవ్వాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ, వచ్చే ఆదివారం అనిల్ ఎగిరేస్తడు, రిమోటు ఆయనకియ్యి, నువ్వు ఫికర్ పెట్టుకోకు అన్నాడు, అంతా అనేసి ఫికర్ పెట్టుకోవద్దట, అనిల్ అన్నకు స్నేహితుడే, మంచివాడే, విమానం ముట్టుకునే ముందు నా మొహం వంక చూస్తాడు కూడా, కానీ ఆ రెక్కలు నావి, తేలికైన బాల్సా చెక్క కోసి అతికిస్తూ ఎన్నిసార్లు వేళ్లు తెగాయో నాకు తెలుసు, నేను చేసిన విమానాన్ని ఇంకొకరు ఎగరేస్తుంటే నేను గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి, నాకు ఏడుపొస్తోంది, కోపం కూడా వస్తోంది, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు కాలిక్యులేటర్ బటన్లు పొడుస్తున్నాను, అది మాత్రం ఏం చేస్తుంది, ఇచ్చిన అంకెకు ఇచ్చిన జవాబు చెబుతుంది.

అన్నకు గోడౌన్‌లో పని, మా మోటర్ల దుకాణం కౌంటర్ నాకొదిలాడు, బయట ఎండ, ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బండి ఏదో ఆగినట్టుంది, రోడ్డంతా తుమ్ములు, రిమోటు అట్టపెట్టెలో నా కాళ్ల దగ్గరే ఉంది, సాయంత్రం అనిల్ వచ్చి తీసుకుపోతాడు, మళ్లీ మొదటినుంచి ఆలోచిద్దాం, ప్రొపెల్లర్ ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే ఇంజను ఎంత బలం పెడుతోందో తెలుస్తుంది, వేగాన్ని వేగంతో, మళ్లీ వేగంతో గుణించాలి, వేగం రెట్టింపయితే బలం ఎనిమిది రెట్లు కావాలి, పదకొండు అంగుళాలది పెట్టి చూశాం, మోయలేక ఇంజను మూలిగింది, తొమ్మిదిది పెట్టాం, గలగలా తిరిగింది గానీ లాగలేదు, పది దగ్గర కుదిరింది, కుదిరిందని అందరం సంబరపడ్డాం కూడా, మరింకేం మిగిలింది, నా చెయ్యే మిగిలింది, అన్న మాటే నిజమేమో, నేల విడిచిందో లేదో ముక్కు పైకెత్తేశానేమో, నిన్న చాయ్ గ్లాసు పట్టుకుని కూడా నా వేళ్లు చూసుకున్నాను, వణుకుతున్నాయా లేదా అని, ఛీ, ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా.

మీటరు తప్పేమో అనుకుందామంటే దాన్నీ సరిచేసుకున్నాం కదా, ప్రొపెల్లర్ రెక్కల నీడలు లెక్కబెట్టి వేగం చూపే చిన్న మీటరు, అమెరికాలో తయారైంది, హైదరాబాదులో ఒకాయన వాడి అమ్మితే తెచ్చుకున్నాం, దానితో వచ్చిన పుస్తకంలో ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే మూడువేల ఆరువందలు చూపాలి అని ఉంది, ఇక్కడే, ఈ దుకాణంలోనే, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటుకు పెట్టి చూస్తే మూడువేలే చూపింది, దీని మొఖం మండ, తక్కువ చూపిస్తాంది చెల్లె, ఎంత చూపినా ఇరవై శాతం కలుపుకుంటే సరి అన్నాడు అన్న, మూడువేలకు ఇరవై శాతం కలిపితే సరిగ్గా మూడువేల ఆరువందలు, నాకూ ముచ్చటేసింది, అప్పటినుంచీ చేలో అది తొమ్మిదివేలు చూపితే మేం పదివేల ఎనిమిది వందలు అనుకున్నాం, ఇందులో తప్పేముంది, ఏమీ లేదు, అందుకే తల పగిలిపోతోంది.

ఏం బిడ్డా, పిలుస్తాంటే పలుకవు, తలెత్తితే సాంబయ్య పెద్దనాయన, తొర్రూరు నుంచి బోరు మోటరు కోసం వచ్చాడు, పొద్దున్నే చూసి పోయి మళ్లీ వచ్చాడు, గిదే తీస్కపోత, పోయినసారి మోటరు కాలి పంట ఎండింది, రేకు మీద ఏం రాసుందో జర సదువు అన్నాడు, చదవక తప్పదు, మోటరు అమ్మేముందు దాని రేకు మీద ఉన్నదంతా కొనేవాళ్లకు బయటికి చదివి వినిపించడం మా దుకాణం ఆనవాయితీ, నాన్న పెట్టింది, నాకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిందే, చూడకుండా కూడా చెప్పగలను, చూడకుండానే మొదలుపెట్టాను, ఐదు హార్స్‌పవర్ పెద్దనాయనా, మూడు ఫేజులు, నాలుగువందల పదిహేను వోల్టులు, కరెంటు సెకనుకు యాభై సైకిళ్లు, యాభై, మన దగ్గర కరెంటు యాభై.

ఆగినవేంది బిడ్డా, ఏమన్న తప్పున్నదా అంటున్నాడు పెద్దనాయన, లేదు, మోటరు మంచిదే, మోటరు చాలా మంచిది, అని నేనే అంటున్నట్టున్నాను, యాభై, మరి అమెరికాలో అరవై కదా, డిప్లొమాలో చదువుకున్నదే, ట్యూబ్‌లైటు కరెంటుతో పాటే ఆరి వెలుగుతుంది, అరవై ఉన్నచోట మూడువేల ఆరువందలు చూపే మీటరు యాభై ఉన్నచోట మూడువేలే చూపాలి, చూపింది, మీటరు నిజమే చెప్పింది, మోటర్లమ్మి బతుకుతున్న ఇంట్లో, రోజూ యాభై అని నోటితో చదివే ఇంట్లో అన్నా చెల్లెలూ కలిసి దానికి లేని ఇరవై శాతం అంటగట్టారు, వేగానికి ఇరవై కలిపితే బలానికి మూడుసార్లు కలుస్తుంది, డెబ్భై శాతానికి పైగా గాలిలోంచి పుట్టించాం, ఇంజనులో ఉన్నది అర హార్స్‌పవర్ కాదు, మూడో వంతు కూడా లేదు, చిన్నది ఆ ఇంజను, పాపం, మోయలేనిదాన్ని మోయమన్నాం, అన్న వస్తున్నాడు, గోడౌన్ తలుపు చప్పుడైంది, రానీ, చెబుతాను, అనిల్‌కూ చెబుతాను, పెట్టెను కాలితో ఇంకా లోపలికి జరిపాను, ఇవ్వను, ఎవరికీ ఇవ్వను, ఎందుకంటే విమానం ఆ రోజు వెంటనే పడిపోలేదు, లేచింది, ఊగింది, నేను ముక్కు దించి వేగం కూడనిచ్చి మెల్లగా చేను చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పాను, రెండో మలుపులోనే పత్తి కట్టెల్లో వాలిపోయింది, అందరూ పడడమే చూశారు, నేనూ పడడమే గుర్తు పెట్టుకున్నాను, ఎగిరే బలమే లేని విమానాన్ని ఆ ఒక్క చుట్టు సేపూ గాలిలో నిలబెట్టింది నా చెయ్యే.