జూడిత్ అడిగింది ఒక్కసారే

శంషాబాద్ దాటి విమానాశ్రయం గోడ వెంట పోతే ఎడమ పక్కన ఇరవై తెల్ల ఇళ్ళ కాలనీ ఒకటి వస్తుంది. అందులో ఉండేవాళ్ళూ తెల్లవాళ్ళే. విమానాల ఇంజిన్లు బాగుచేసే పని మీద బ్రిటన్ నుంచి వచ్చిన ఇంజనీర్లు, వాళ్ళ భార్యలు. మనం నీడ వెతుక్కునే వేళకు వాళ్ళు కుర్చీలు ఎండలోకి లాక్కుంటారు. ముఖాలు టమాటాల్లా అయ్యేదాకా కూర్చుని, ఆహా ఎంత హాయి అనుకుంటారు. కావాలని ఎండలో కూర్చునే మనుషులను లింగమ్మ తన అరవై ఏళ్ళలో అక్కడే మొదటిసారి చూసింది.

ఆ కాలనీకి ఆకుకూరలు పోసేది లింగమ్మే. మూడేళ్ళుగా పోతున్నా అక్కడ ఆమెకు కుదిరిన స్నేహం ఒక్కటే, నాలుగో ఇంటి జూడిత్. కూరల బేరం పుణ్యమా అని జూడిత్‌కు నాలుగు తెలుగు ముక్కలు వచ్చాయి: ఎంత, చాలు, కావాలె, వద్దు. మిగతా మాటలన్నీ ఆ ఇంట్లో వంట చేసే ఆమినా అటూ ఇటూ చేరవేసేది. ఆదివారాలు జూడిత్ లింగమ్మ పొలానికి వచ్చి గట్టు మీద కూర్చుని చాయ్ తాగేది. చాలు అన్నా లింగమ్మ ఊరుకునేది కాదు, ఇంకో గ్లాసు పోసేది. చాలన్న మనిషికి మళ్ళీ పోయకపోతే ఇక ఆ ఇంటికి మర్యాదేం ఉంటుంది?

ఆ రోజు లింగమ్మ కూరగంప లేకుండా, దాచుకున్న చీర కట్టుకుని, స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టుకుని పోయింది. జూడిత్ తెల్లారి విమానమెక్కి తన దేశం పోతోంది, ఇక రాదు. ఒకసారి చూసిపోదామని వచ్చానని గేటు దగ్గర చెప్పింది కానీ అది సగం నిజమే. మిగతా సగం జూడిత్ ఇంటి గోడకు వేలాడుతోంది.

అది లింగమ్మ పెనిమిటి బుచ్చయ్య ఫొటో. పోయిన వానాకాలం ఛాతీలో నొప్పని దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు. బతికినన్నాళ్ళూ కెమెరా కనిపిస్తే బిగుసుకుపోయేవాడు. ఆధార్ కార్డులో దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఉంటాడు. ఇంట్లో దండ వేసింది కూడా ఆ ముఖాన్నే పెద్దది చేయించి. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గోడ మీంచి రోజూ బెదురుగా చూస్తుంటే లింగమ్మకు ముద్ద దిగేది కాదు. జూడిత్ తీసిన ఫొటోలో మాత్రం గట్టు మీద నిలబడి, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు. నెత్తి మీంచి విమానం పోతుంటే, “అండ్లున్నడా నీ పెనిమిటి? చెయ్యూపరాదు!” అని జూడిత్‌ను ఆటపట్టించిన ఘడియ అది. తీసిన ఫోన్ తర్వాత పాడైపోయింది. మిగిలింది ఆ కాగితం బొమ్మ ఒక్కటే.

వరండాలో కాలనీ స్నేహితులు ఐదారుగురు టీ తాగుతున్నారు. లోపలంతా అట్టపెట్టెలు. జూడిత్ లింగమ్మను గట్టిగా కావలించుకుంది. తర్వాత గోడ మీది ఫొటోను దించి, రెండు చేతులతో ముందుకు చాపి ఏదో అడిగింది.

“నువ్వు తీసుకుంటవా అని అడుగుతుంది అక్కా,” అంది ఆమినా.

లింగమ్మ గుండె గంతేసింది. నోరు మాత్రం పెంపకం ప్రకారమే నడిచింది. “వద్దు వద్దు. ముచ్చటపడి తీసుకున్నవు, నీ దగ్గర్నే ఉండనియ్యి.”

ఎవరైనా ఏదైనా ఇస్తుంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి “ఎందుకమ్మా” అనాలి. మూడోసారి తీసుకోవాలి. పుట్టిన దగ్గర్నుంచి ఆమెకు తెలిసిన పద్ధతి అదే. లింగమ్మ రెండోసారి కోసం చూసింది.

జూడిత్‌కు వద్దు అంటే తెలుసు. ఒక్క క్షణం ఆగి, తలూపి, ఫొటోను తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టింది. పెట్టె మీద టేపు బర్రున లాగి అతికించింది.

కేకు పళ్ళెం వచ్చింది. లింగమ్మ వద్దంది. పళ్ళెం పక్క మనిషి దగ్గరికి పోయింది, మళ్ళీ ఇటు తిరగలేదు. అరగంట సేపు అందరి ఇంగ్లిషు మధ్యా ఆమె ఆ పెట్టెనే చూస్తూ కూర్చుని, చివరికి లేచింది. జూడిత్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది కానీ ఫొటో మాట ఎత్తలేదు.

ఆమినా గేటు దాకా తోడు వచ్చింది.

“ఇంకోసారి అడుగుతదనుకున్ననే ఆమినా.”

“ఎందుకడుగుతది? నువ్వు వద్దన్నవ్ గద. వీళ్ళల్ల ఒక్కసారి వద్దంటే ఇగ అయిపాయె అక్కా. మళ్ళ అడిగితే పరేషాన్ చేసినట్టంట.”

“మరి నేను పోస్తే తాగుతుండె గద, చాలన్నంక సుత?”

ఆమినాకు నవ్వొచ్చింది. “తాగకుంటే నువ్వు ఇడిసిపెడ్తవా? ఇంటికొచ్చి కడుపు పట్టుకొని పండుకుంటుండె పాపం.”

లింగమ్మ ఎండలోనే నిలబడిపోయింది. ఒకరి గడపలో నిలబడి ఇది నాకియ్యి అని ఆమె ఎన్నడూ అనలేదు. బుచ్చయ్యకు నొప్పి మొదలైన పొద్దు, పక్కింటి ఐలయ్య ఆటో తియ్యనా అంటే కూడా ముందు “నీకెందుకు తక్లీఫ్, వద్దు” అనే అంది. అతను రెండోసారి అడిగేదాకా ఆగింది. ఆ ఆగిన కాసేపు ఇప్పటికీ ఆమెకు నిద్ర పట్టనియ్యదు.

గిరుక్కున వెనక్కి తిరిగి నడిచింది. వరండాలో అందరూ కప్పులు దించి చూస్తున్నారు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతున్నా పెట్టె వైపు చెయ్యి చూపింది.

“కావాలె,” అంది. “జూడితమ్మా, నాకు కావాలె.”

జూడిత్ గోళ్ళతోనే టేపు పీకి, ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టింది. పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడింది. ఆమినా మెల్లగా చెప్పింది.

“నువ్వు వద్దంటే లోపల సంబరపడ్డదంట. అందుకే మళ్ళ అడగలేదంట. ఈ దేశం నుంచి బుచ్చయ్య బాపు నవ్వొక్కటి తీస్కపోదామనుకున్నదంట. తప్పయిందంటుంది.”

అయితే నువ్వే ఉంచుకో అనే మాట లింగమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి దాన్ని మింగేసి ఫొటోను రొమ్ముకు అదుముకుంది. జూడిత్ కన్నీళ్ళు చూస్తే జాలేసింది, అయినా పట్టు వదల్లేదు.

“మీ మర్యాదలు సల్లగుండ!” అంది ఆమినా. “చేతుల కొత్త ఫోనున్నది గద. ఆ ఫొటోకు ఫొటో తీస్కోరాదు?” అదే మాట ఇంగ్లిషులోనూ చెప్పింది. ఇంజిన్లు విప్పి బిగించేవాళ్ళు అంతమంది ఉన్న ఆ వరండాలో ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు.

జూడిత్ ఫోన్ ఎత్తింది. ఫొటో ఒక్కటే ఎందుకు, నువ్వూ పట్టుకుని నిలబడు అని సైగ చేసింది. లింగమ్మ కొంగు సర్దుకుని, ఫొటోను తన భుజం పక్కకు ఎత్తి పట్టుకుని, బిగుసుకుపోయి నిలబడింది.

తీసింది చూపించారు. తెరమీద తను భయపడుతూ ఉంది, పక్కన బుచ్చయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫొటో పెళ్ళినాటిది కూడా లేదు. లింగమ్మ ఆ తెరను వేలితో తడిమింది.

“ఆమినా, ఇది నాకు సుత కావాలెనని చెప్పు,” అంది, ఎవరూ అడగకముందే.