పట్టా మీద పావంగుళం

కొత్త రంపం మిషను పెట్టె విప్పుతుంటే మేస్త్రి మూతి ముడుచుకుని నిలబడ్డాడు గానీ, ఆయన భార్యకి మాత్రం కాళ్ళు నేల మీద నిలవడం లేదు. తెలిసినవాళ్ళంతా ఆవిణ్ణి చిత్రికమ్మ అంటారు. చెక్క మీద గీత గీసేది ఆవిడే, మొగుడు కోశాక అంచుకి చిత్రిక పట్టి నున్నగా చేసేదీ ఆవిడే. మధ్యలో కోయడం ఒక్కటే ఆయన పని. ఆ ఒక్క పనికే ఊపిరి పీల్చుకోనంత హడావుడి చేస్తాడనుకోండి, అది వేరే సంగతి.

"ఇదేంటే, చెక్క కొయ్యడానికి పట్టాలేంటి? రైలుబండా ఏమన్నానా?" అన్నాడు మేస్త్రి.

"రైలే అనుకోండి. ఈ పట్టా మీద పెట్టి తోస్తే పక్కకి పొమ్మన్నా పోదు. పైగా వైరు లేదు. కాళ్ళకి చుట్టుకుందని నన్ను తిట్టే పని కూడా లేదు మీకు!"

"అన్నయ్యకి తిట్టడానికి వైరే కావాలేంటి వదినా?" అని నవ్వింది టైలరమ్మ. పని జరుగుతున్నది ఆవిడ దుకాణం వెనక గదిలోనే. బట్టలు కత్తిరించుకోవడానికి పెద్ద బల్ల చేయించుకుంటోంది. కాళ్ళూ చట్రమూ బిగించేశారు. ఇక చట్రంలో ఎనిమిదడుగుల పలక కూర్చోవాలి. సందు కనబడితే గుడ్డ అందులో ఇరుక్కుంటుందనీ, కత్తెర తగులుకుంటుందనీ పదిసార్లు చెప్పింది. పలక ఒక్కటే ఉంది. పొడవు సరిపోయింది, వెడల్పే తగ్గించాలి. అంటే ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే కోత.

ఆ ఒక్క కోత మీదే చిత్రికమ్మ ప్రాణమంతా ఉంది. ఇది గనక తేడా వస్తే ఇక జన్మలో రంపం ముట్టనని మేస్త్రి పొద్దున్నే తెగేసి చెప్పాడు. చెప్పాడంటే చేస్తాడు, మొండిఘటం. మొన్న ఆవిడ జ్వరమొచ్చి మంచాన పడితే, ఒక తలుపుకి తనే గీసుకుని తనే కోశాడు. తలుపు కాస్తా కురచైపోయింది. ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "నా చెయ్యి పోయిందే. వయసైపోయింది" అన్నాడు. అప్పట్నుంచీ మనిషి మనిషిలా లేడు. అన్నం కూడా ఎవరిదో తిన్నట్టు తింటున్నాడు.

అసలు సంగతి ఆవిడొక్కదానికే తెలుసు. ఆయన చెయ్యి ఇప్పుడు కొత్తగా పోవడమేంటి! ఆ మహానుభావుడు ఏనాడూ గీత మీద కోసింది లేదు. సగం దూరం బాగానే వెళ్తాడు, ఆ తర్వాత రంపం గీత దాటి లోపలికి తినేస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆవిడ అది కనిపెట్టి, నోరు మూసుకుని, ప్రతి గీతనీ పావంగుళం అవతలకి జరిపి గీయడం మొదలుపెట్టింది. ఆయన తినగా మిగిలిన వంకరని అంచు నున్నగా చేస్తున్నట్టు చిత్రికతో లాగేసేది. ఆయనేమో "నా కోతంటే కోతే" అని మీసం దువ్వుకునేవాడు. దువ్వుకోనీ పాపం అనుకునేదావిడ.

అందుకే ఎవరో ఈ మిషను గురించి చెప్పగానే వెనకాముందూ చూడకుండా తెప్పించేసింది.

బ్లేడు నేలకి తగలకుండా పలక కింద థర్మాకోల్ షీటు పరిచారు. చిత్రికమ్మ రెండు చివరలా కొలిచి పెన్సిలుతో గుర్తులు పెట్టింది. మేస్త్రి పట్టాని పలక మీద పడుకోబెట్టి, దాని రబ్బరు అంచుని గుర్తులకి ఆనించాడు. "ఈ రబ్బరు అంచు ఎక్కడుంటే బ్లేడు సరిగ్గా అక్కడే కోస్తుందట" అందావిడ. "చూద్దాంలే దీని సంబడం" అంటూ బ్యాటరీ టక్కున తగిలించి, మిషను పట్టా మీద పెట్టి కిందికి నొక్కాడు.

రయ్యిమంది! బ్లేడు చెక్కలోకి దిగింది. మేస్త్రి తోస్తుంటే మిషను నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. రంపపు పొట్టంతా మిషను వెనకున్న సంచీలోకే పోతోంది, కళ్ళలో ఒక్క నలక పడలేదు. సగం దాటింది. ఆయన చెయ్యి అలవాటుగా పక్కకి లాగినా మిషను వింటేనా! తిన్నగా ఆ చివరకి పోయి ఆగింది.

మేస్త్రి అంచు మీద వేలు పెట్టి ఆ చివరదాకా నడిపించాడు. మొహం వెలిగిపోయింది.

"ఒసేయ్! ఇలా రావే! అద్దంలా ఉంది! దీనికి నీ చిత్రికతో పనే లేదే!"

ఆ మాటతో చిత్రికమ్మకి తన గీత గుర్తొచ్చింది. చిత్రికతో పని లేకపోతే ఆ పావంగుళం ఎలా పోతుంది? మిషను గీత తప్పదని తనే ఊదరగొట్టి, పాడు అలవాటు, తన చెయ్యి మళ్ళీ పావంగుళం జరిపే గీసింది! నాలుక కరుచుకుంది. చిత్రిక కోసం పనిముట్ల సంచీలో చెయ్యి పెట్టేలోగా టైలరమ్మ మెళ్ళో టేపు తీసి పలక కొలిచేసింది, చట్రమూ కొలిచేసింది.

"అన్నయ్యా, పావంగుళం ఎక్కువుందే!"

మేస్త్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. మిషను మెల్లగా కింద పెట్టాడు.

"చూశావా? పట్టా వేసినా నా చెయ్యి తప్పింది. నీ గీత ఏనాడూ తప్పలేదు, అది నాకు తెలుసు. ఇక చాలే. ఎవర్నైనా పిలిపించి కోయించు."

ఆయన చొక్కా దులుపుకుని గుమ్మందాకా వెళ్ళిపోయాడు. నిజం చెప్తే పరాయి మనిషి ముందు ఆయన పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఆ మనిషి ఈ గుమ్మం దాటాడంటే ఇక రంపం ముట్టడు. పరువు పోతే పోయింది, మనిషి మిగలాలి అనుకుంది చిత్రికమ్మ.

"ఏవండీ, ఆగండి! మీరు తప్పలేదు. మీరు కోసింది నా గీత మీదే. గీతే తప్పు."

"నన్ను ఓదార్చకే."

"ఓదార్పూ లేదు, నా బొందా లేదు! పావంగుళం ఎక్కువ గీశాను. ఎప్పుడూ అంతే గీస్తాను. మీరు లోపలికి కోసేస్తారని."

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడూనే."

"డాక్టరుగారి బీరువా?"

"అదీ."

"మనింటి మంచం?"

"దానికి అరంగుళం వదిలాను. అప్పుడు మీరు కొత్తగా పెళ్ళైన హుషారులో ఉన్నారు."

టైలరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "అంటే ఇన్నాళ్ళూ నేను వెధవనా?" అని అరిచాడు.

"అన్నయ్యా, నేనొక మాట చెప్పనా?" అంది టైలరమ్మ. "కొలతలిచ్చేటప్పుడు అందరూ పొట్ట లోపలికి బిగపట్టేస్తారు. నేను చెప్పాపెట్టకుండా రెండంగుళాలు వదిలి కుడతాను. ఇంతవరకూ ఒక్కళ్ళకీ తెలీదు. ఒళ్ళు తగ్గిందని మురిసిపోతూ వెళ్తారు."

మేస్త్రి తన పొట్ట వైపు చూసుకున్నాడు. ఆ చొక్కా ఆవిడ కుట్టిందే. ముందు మూతి వంకర తిరిగింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి గుమ్మం పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అయితే మొన్నటి తలుపు..."

"మీ చెయ్యి పోలేదండీ. మీ చెయ్యి మొదట్నుంచీ అంతే!"

ఇంత గొప్ప కబురు తన జీవితంలో విననట్టు చూశాడాయన. గబగబా వచ్చి పట్టా ఎత్తాడు. "గియ్యి! ఏమీ వదలకుండా గియ్యి!"

చిత్రికమ్మ గీసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, సరిగ్గా కొలత మీదే. మిషను మళ్ళీ రయ్యిమంది. పలక పక్క నుంచి సన్నటి చెక్క రిబ్బనులా ఊడి కింద పడింది. పాత రంపంతో అయితే ఇంత సన్నగా కోయడం కల్ల. ముగ్గురూ పలకనెత్తి చట్రంలోకి దించారు. సుత్తితో పనే పడలేదు, తుస్సుమని గాలి పోయి చక్కగా కూర్చుంది. టైలరమ్మ పట్టుగుడ్డ పరిచి ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది. ఎక్కడా తగులుకోలేదు. "వదినా!" అని ఎగిరి గంతేసింది.

మేస్త్రి బల్ల వైపు చూడనే లేదు. మిగిలిన చెక్కని థర్మాకోల్ మీదకి లాగేసి, పట్టా వేసి, చిన్నపిల్లాడిలా ఒక కోత కోశాడు. ఇంకోటి కోశాడు. మూడోది సగంలో ఉండగా మిషను మూలిగి ఆగిపోయింది.

"ఒసేయ్, ఇంకో బ్యాటరీ చార్జింగు పెట్టావా లేదా? రేపు ఆ తలుపు మళ్ళీ చేసివ్వాలి. ఇంకా ఎవరెవరి ఇళ్ళలో ఏమేం చెయ్యాలో అడుగు!"

చిత్రికమ్మకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, సంచీలోంచి రెండో బ్యాటరీ తీసి ఆయన చేతిలో పెట్టింది.