అద్దంలో చూసి చెప్పిన మాట

నేను పొరపాటు పడనని ముప్పై ఏడేళ్ళు నమ్మాను. నాతోపాటు పోర్ట్ బ్లెయిర్‌లో సగం మంది డాక్టర్లు నమ్మారు. "పరంధామయ్య చూశాడా? అయితే ఇంకేం, మందు మొదలెట్టండి" అనేవారు. సర్కారు లాబ్‌లో రిటైరయ్యాక గోల్ ఘర్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు పిలిచి మరీ మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది కూడా మసకేస్తోందని ముందే చెప్పాను. "మీ ఒక్క కన్ను చాలు సార్" అన్నారు. ఆ మాటకు ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వానలు పడ్డాయంటే మా దీవుల్లో జ్వరాలకు కొదవుండదు. అందులో ఎలకజ్వరం నాది. నాది అంటే, దాన్ని పట్టుకోవడంలో నాకు పేరుంది. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళలో తిరిగితే కాళ్ళ పగుళ్ళలోంచి దాన్ని తెచ్చే పురుగు ఒంట్లో దూరుతుంది. సన్నగా మెలితిరిగి, కొసలు వంగి ఉంటుంది. చుట్టూ చీకటి చేసి పక్కనుంచి వెలుగు పెట్టి చూస్తే నెత్తుటి చుక్కలో తెల్లగా మెదులుతుంది. ఇప్పుడు దానికి వేరే పరీక్షలు చాలా వచ్చాయి. నాకు మాత్రం కంటితో చూస్తే తప్ప తృప్తి ఉండదు.

లాబ్ గోడకు ఒక జపాన్ శాస్త్రవేత్త బొమ్మ అంటించాను. పేరు నోగుచి. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటిరోజు ఆయన కథ చెప్పేవాణ్ణి. ఈ ఏడు వచ్చిన లిఖితకూ చెప్పాను. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది గానీ, మధ్యలో హిందీ దూరకుండా ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేదు.

"వందేళ్ళ క్రితం సంగతి" అని చెప్పాను. "అమెరికాలో పచ్చజ్వరంతో, అదే ఎల్లో ఫీవర్‌తో, చచ్చిపోయాడనుకున్న ఒక మనిషి మూత్రపిండంలో స్టిమ్సన్ అనే ఆయన ఈ మెలికల పురుగును చూశాడు. కొస వంగి ప్రశ్న గుర్తులా ఉందని దానికి అదే పేరు పెట్టాడు. ఆ తర్వాత నోగుచి ఈక్వడార్ వెళ్ళి, పచ్చజ్వరం వచ్చిందన్న వాళ్ళ నెత్తుట్లో ఇలాంటి పురుగునే చూశాడు. పచ్చజ్వరానికి ఇదే కారణమని లోకానికి చాటాడు. నిజానికి వాళ్ళకొచ్చింది ఎలకజ్వరం. కళ్ళు పచ్చబడ్డం రెండింట్లోనూ ఉంటుంది కదా. పచ్చజ్వరం తెచ్చేది మైక్రోస్కోప్ అద్దంలో కనబడేంత పెద్దది కాదు. అది వైరస్. కాదయ్యా అని నలుగురూ చెప్పినా వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చివరికి తేల్చుకుందామని ఆఫ్రికా వెళ్ళి, అదే పచ్చజ్వరం తగిలి అక్కడే పోయాడు. నాకు అర్థం కావడం లేదు అన్నాడట, పోయేముందు."

"బేచారా" అంది లిఖిత.

"జాలి పడమని చెప్పలేదమ్మా. కళ్ళు దగ్గర పెట్టుకోమని చెప్పాను" అని కసిరాను.

ఆగస్టులో ఒక పొద్దున గురువమ్మ తన కొడుకు పైడిబాబును ఆటోలో తీసుకొచ్చింది. నన్ను చూడగానే ఏడ్చింది. "బాబూ, మళ్ళీ మీ కాడికే వచ్చేసినాం" అంది. గుర్తుపట్టాను. పోయినేడు ఇదే వానల్లో ఆమె మొగుడు నూకన్న మా ఆసుపత్రిలోనే పోయాడు. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వేటవాళ్ళ కుటుంబం. నూకన్నకు నడుం పట్టేసి పడవ ఎక్కలేక, తుష్నాబాద్‌లో అడవంచున ఎవరిదో నేల తీసుకుని వక్కతోట వెయ్యడానికి పొదలు కొట్టేవాడు. సాయంత్రమయ్యేసరికి చుక్క పడాలి. జ్వరంతో వచ్చినప్పుడు అతని నెత్తురు చూసి, ఎలకజ్వరమని రాసింది నేనే. అంతటితో ఊరుకోలేదు. "తాగి మురిక్కాలవలో దొర్లితే ఎలకజ్వరం రాక ఇంకేమొస్తుంది?" అని వార్డు గుమ్మంలో అందరి ముందూ గురువమ్మను అడిగాను. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది. నిజం చెబుతున్నానన్న ధీమా ఉంటే ఇక నాకు పట్టపగ్గాలుండవు.

ఈ ఏడు ఆ తోట పని కొడుకు నెత్తిన పడింది. పైడిబాబుకు ముప్పై నిండలేదు. ఆరు రోజుల జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు ఎర్రబడి పచ్చబడ్డాయి. పొలాల్లో నీళ్ళలో కూడా దిగాడని భార్య ప్రమోద చెప్పింది. ఇంక నాకు వేరే ఏం కావాలి? నెత్తుటి చుక్క పెట్టి చూశాను. తెల్లటి సన్నటి మెలిక కనబడింది. ఊగుతోంది కూడా.

లిఖిత తనూ చూసి, "సర్, యే అప్నే ఆప్ నహీ చల్ రహా. దానంతటది కదలట్లేదు. నీళ్ళతో పాటు ఊగుతోందంతే. స్క్రబ్ టైఫస్ కార్డు టెస్టు కూడా పెడదామా? పొదలు కొట్టాడంటున్నారు కదా" అంది. స్క్రబ్ టైఫస్ పొదల్లో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. దాన్ని తెచ్చే క్రిమి మనిషి కణాల లోపల దాక్కుంటుంది. నా అద్దంలో కనబడదు.

"నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను దీన్ని" అన్నాను. "నాకు నేర్పకు."

డాక్టర్ వీరేంద్ర ఫోన్ చేశాడు. "లెప్టో పక్కా హై నా, సర్?" అన్నాడు. లెప్టో అంటే ఎలకజ్వరమే.

"పక్కా" అన్నాను. ఆ ఒక్క మాట మీద పైడిబాబుకు పెన్సిలిన్ మొదలెట్టారు. అది ఎలకజ్వరానికి మంచి మందు. స్క్రబ్ టైఫస్‌కు మంచినీళ్ళతో సమానం.

రెండు రోజులు గడిచినా జ్వరం దిగలేదు. మూడోనాటికి ఒళ్ళు వాచింది, ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు. తండ్రికీ ఇలాగే అయింది. నూకన్న నాలుగోనాడు పోయాడు. ప్రమోద లాబ్ తలుపు దగ్గరకొచ్చి, "అంకుల్, మందు సరైందేనా?" అని మెల్లగా అడిగింది. సరైందేనమ్మా, ఆలస్యంగా తెచ్చారు, మీదే తప్పు అన్నాను. నా గొంతులో నాకే ఏదో తేడాగా వినబడింది. అయినా వెళ్ళి ఇంకోసారి చూడలేదు. భయం వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నం నెత్తురు తియ్యడానికి వార్డుకు వెళ్ళిన లిఖిత రొప్పుతూ వచ్చింది. "సర్, ఏక్ బార్ ఆప్ ఆయియే. ఆయన నడుం దగ్గర కుచ్ హై, ఏదో ఉంది. వాళ్ళమ్మ చూడనివ్వట్లేదు."

చివాట్లు పెట్టడానికే లేచాను. వార్డులో పైడిబాబు మంచం దగ్గర నర్సు కత్తెర పట్టుకుని ఉంది. వాచిన ఒంట్లోకి మొలతాడు కోసుకుపోయినట్టు దిగింది. దాని పక్కనంతా పసుపు పూసి ఉంది. గురువమ్మ కొడుకు నడుం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది.

"తాడు ఒరుసుకుని పుండైంది, పసుపెట్టినాను. దానికి కత్తెరెందుకు? బతికున్నోడికి మొలతాడు తెంపుతారేటి?" అని అరిచింది.

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. మా నాన్నకూ అదే పట్టింపు ఉండేది. కొత్తది కట్టాకే పాతది తియ్యాలి. ఉట్టి నడుము శవానికే ఉంటుంది. నేను నర్సు వైపు తిరిగి, ఆవిడ ఒప్పుకోకపోతే వదిలెయ్యండి, ఆ పుండుతో మనకేం పని అనబోయాను. ఈలోపు లిఖిత జేబులోంచి నల్లతాడు తీసింది. నన్ను పిలవడానికి ముందే గోల్ ఘర్ బజారుకు పరుగెత్తి కొనుక్కొచ్చింది.

"అమ్మా, పెహలే మీరే ఇది కట్టండి. తర్వాత పాతది నేను తీస్తాను. ఠీక్ హై?"

గురువమ్మ దానివైపు చూసింది, నావైపు చూసింది. కొడుక్కి కొత్త తాడు కట్టింది. లిఖిత పాతది కత్తిరించి, తడిగుడ్డతో పసుపు తుడిచింది. చుట్ట అంటించి నొక్కినట్టు గుండ్రటి నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. పుస్తకంలో బొమ్మ కూడా అంత స్పష్టంగా ఉండదు. పొదల్లోని పురుగు కుట్టిన చోటు అది. మొలతాడు కింద వెచ్చగా, ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

స్క్రబ్ టైఫసేనని చెప్పే రెండో గీత కార్డు మీద పావుగంటలో వచ్చింది. వీరేంద్ర మందు మార్చాడు. నా పాత స్లైడు లిఖిత మళ్ళీ పెట్టి చూపించింది. నెత్తురు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచు అది. బతికున్న పురుగు కానే కాదు. ఈ పొరపాటు జరుగుతుందని పిల్లలకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. గురివింద గింజ తన నలుపెరగదంటారు, అందుకే. వీరేంద్ర దగ్గరకు వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "హో జాతా హై, సర్" అని తేలిగ్గా తీసేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజులకు జ్వరం దిగింది. వారానికి పైడిబాబు లేచి కూర్చుని గంజి తాగాడు. ఆ రోజుల్లో నేను ఇంట్లో సరిగ్గా తినలేదు. వాడు బతికినందుకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. కానీ దాని వెనకే ఒక ఆలోచన నన్ను తొలిచేసేది. ఈ ఒక్కడి విషయంలోనేనా? కన్ను మసకేసిన ఈ రెండేళ్ళలో ఎంతమందికి పీచును చూసి పురుగని రాశాను?

పైడిబాబును ఇంటికి పంపే రోజున గురువమ్మ లాబ్‌కు వచ్చింది. చేతిలో సంచి, అందులో ఐసు ముక్కల మధ్య పెద్ద కోనాం చేప. సంచి నా బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"నీ కళ్ళు సల్లగుండాల బాబూ. మా ఓడ్ని నిలబెట్టేసినావు."

"నేను కాదమ్మా, ఈ అమ్మాయి" అన్నాను, లిఖితను చూపిస్తూ.

"ఆ తల్లీ దేవతే. గానీ అద్దంలో సూసేది నువ్వు గదా" అంది. వెళ్ళలేదు. కొంగు నలుపుతూ నిలబడింది. "ఒకటడుగుతాను, ఏటనుకోకు బాబూ. మా ఆయనకీ ఉంది అలాటి మచ్చ. పోయినాక తానం సేయించి మొలతాడు తెంపితే అవుపించింది, ఎడం పక్కన. తాడు ఒరుసుకుందనుకున్నాం. అదీ ఇదేనేటి?"

సింకు దగ్గర గ్లాసులు కడుగుతున్న లిఖిత కుళాయి కట్టేసింది.

తెలియదమ్మా అనొచ్చు. నూకన్న స్లైడు ఎప్పుడో పారేశాం. నా చీటీ తప్ప ఇంకేం మిగల్లేదు. నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు. గోడమీద నోగుచి బొమ్మ ఉంది. దానివైపు చూడలేకపోయాను.

"అదే అయ్యుంటుంది గురువమ్మా" అన్నాను. "ఖాయంగా చెప్పలేను గానీ, అదే అయ్యుంటుంది. అప్పుడూ నేను తప్పుగానే చూసుంటాను. సరిగ్గా చూసి ఉంటే ఆ మందే ఇచ్చేవాళ్ళు. బతికేవాడేమో."

తిడుతుందనుకున్నాను. చేప ఎత్తి నా మొహాన కొట్టినా పడదామని కూర్చున్నాను.

"అయితే కాలవలో పడినందుకు గాదా?" అంది.

"కాదమ్మా. పొదలు కొట్టినందుకు. పని చేసినందుకు వచ్చింది."

ఆమె మెల్లగా స్టూలు మీద కూర్చుంది. లిఖిత మంచినీళ్ళు తెచ్చిస్తే పుచ్చుకుని, తాగకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"పోయే ముందురోజు నా సెయ్యట్టుకున్నాడు బాబూ. ఒట్టే గురవీ, నాను కాలవలో పడనేదే, జొరమొచ్చిన కాణ్ణించి సుక్క ముట్టనేదే, అన్నాడు. నాను సెయ్యి ఇదిలించేసినాను. నోర్ముయ్యి, బాబు అద్దంలో సూసి సెప్పినాడు, నీ మాట ఎవుడు నమ్మాల అన్నాను." గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. "మరింక ఆయన నాతో మాటాడనేదు."