ఒకే పొద్దున ఐదు వంతులు

పక్క ఎడారిలోంచి రోదసి విమానాలు ఎగరడం మొదలై చాలా ఏళ్లయినా, హ్యాచ్ ఊరివాళ్లలో ఒక్కరూ వాటిలో ఎక్కింది లేదు. ఎక్కేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. పొద్దున్నే పైకెళ్లి, కిందికి దిగి, మధ్యాహ్నానికల్లా ఊళ్లో మిరపకాయల పులుసు తిని వెళ్లిపోయేవారు. అలాంటిది, ఆ ఏడు న్యూ మెక్సికో రాష్ట్రం తన లాటరీలో ఒక సీటు పెట్టింది, రాష్ట్రంలో కాపురముండేవాళ్లకే అని. పెట్రోలు బంకులో కాఫీకి ఆగిన డెల్ఫినా లుసేరో చేతికందిన టికెట్టు ఒకటి కొంది. దానికే తగిలింది.

డెల్ఫినాకి యాభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా బడిలో పిల్లలకు వండి పెడుతోంది. మామూలు విమానం కూడా ఎక్కి ఎరగదు. లాటరీవాళ్ల ఫోను వచ్చినప్పుడు చిక్కుడు గింజల్లో రాళ్లు ఏరుతోంది. ఫోను పెట్టేసి, మిగిలిన గింజలన్నీ ఏరి, నానబోసి, అప్పుడు మొగుడికి చెప్పింది.

ఆమె మొగుడు ఒనేసిమో కాలువ లష్కరు. రియో గ్రాండే నీళ్లు ఏ పొలానికి ఏ రోజు వంతో చూసి, తూములు ఎత్తడం, దించడం అతని పని. మాట్లాడే ముందు కాస్త ఆగే మనిషి. ఆ రోజు మరీ ఎక్కువసేపు ఆగాడు.

"వెళ్తావా?" అన్నాడు.

"వెళ్లకపోతే ఎందుకు కొన్నాను?"

"కాఫీకి వెళ్లి కొన్నావు."

"ఆ కాఫీ తాగలేదా? ఇదీ అంతే, ముసలోడా."

వద్దని ఒక్కసారి కూడా అనలేదు ఒనేసిమో. నీకు షుగరుంది కదా అన్నాడు. మోకాలు ఎలా ఉంది అని రోజుకు రెండుసార్లు అడిగాడు. అతనికి తిండి తగ్గింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో కాన్పులప్పుడు తప్ప ఆమె ఇంట్లో లేని రోజు అతనికి తెలియదు. ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోతే, వంటింటి దగ్గరే అతని ఊహ ఆగిపోయేది.

లాస్ క్రూసెస్‌లో డాక్టరు ఎగరడానికి కావలసిన పరీక్షలన్నీ చేసి, గుండెకు ఇంకో పరీక్ష కావాలి, వచ్చే వారం రండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఒనేసిమో ట్రక్కు నడుపుతూ ఈల వేశాడు. వేస్తున్నట్టు అతనికే తెలియదు.

పది మైళ్లు విన్నది డెల్ఫినా.

"నేను ఫెయిలవ్వాలని సాన్ ఇసిద్రోకి మొక్కుకున్నావా?" అంది.

అద్దం కింద వేలాడుతున్న ఆ రైతుల దేవుడి బొమ్మ వంక చూశాడు ఒనేసిమో. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"మొక్కుకున్నాను."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, అంతే. "ఇరవై రెండేళ్లు ఒక్క కిటికీ ఉన్న వంటగదిలో నిలబడ్డాను. అదీ చెత్తడబ్బాల వైపు," అంది. అతనికి సిగ్గేసింది. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు ట్రక్కులోనే కూర్చున్నాడు.

మరుసటి వారం పరీక్షలో డెల్ఫినా పాసైంది. ఈసారి బయటికి రాగానే ముందు నవ్వింది ఒనేసిమోనే. ఆ సాయంత్రమే ఒనేసిమో, సిప్రియానో బరేలా అనే రైతు పెకాన్ కాయల తోటకి వెళ్లాడు. సిప్రియానో వీళ్ల కూతురికి చర్చిలో జ్ఞానస్నానం నాటి జ్ఞానతండ్రి. అందుకని ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు, డెల్ఫినాని అతను కొమాద్రే అంటాడు.

"కొంపాద్రే, నీ వంతు మంగళవారం కదా. గురువారం పొద్దుటికి జరుపుకుంటావా?"

"ఎందుకు?"

"గురువారం ఆవిడ ఎగురుతుంది. నీ తోటా, పక్కన నాలుగు పొలాలూ ఒకేసారి నీళ్లతో నిండితే ఎండకి తళతళమంటాయి. పైనుంచి మన చోటు తెలుస్తుందేమోనని."

సిప్రియానో టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఇన్నేళ్లలో నాకోసం ఒక్క గంట ముందు తూమెత్తావా నువ్వు? నా ఉల్లినారు ఎండి చచ్చిన ఏడు కూడా ఎత్తలేదు."

"చుక్క ఎక్కువ వదలను. ఎవరి వాటా వాళ్లదే. రోజు మారుతుంది, అంతే."

"పెళ్లాం మీద ప్రేమని లష్కరు ఉద్యోగంలో చూపించేవాణ్ణి నిన్నే చూశాను," అన్నాడు సిప్రియానో. ఆ మిగతా నలుగురి దగ్గరికీ తనే వెంట వెళ్లాడు.

గురువారం తెల్లవారుతుండగా ఒనేసిమో ఐదు తూములూ ఎత్తాడు. నీళ్లు మడుల్లోకి తిరిగాక, సిప్రియానోని కాపలా పెట్టి, ట్రక్కు ఎక్కి ఎడారి దారి పట్టాడు. డెల్ఫినాని ముందురోజే అక్కడికి తీసుకుపోయారు. నీలం సూటు వేసుకుని తోటివాళ్ల మధ్య నిలబడి ఉంది. దగ్గరికి రాగానే అతని కాళ్ల వంక చూసింది.

"ఈ రోజు కూడా బురద బూట్లేనా?"

"పనుండింది," అన్నాడు. నీళ్ల సంగతి చెప్పలేదు.

వాళ్లు ఎక్కిన చిన్న విమానాన్ని మోసుకుని పెద్ద విమానం పైకి లేచింది. అది చుక్కయ్యాక, అందులోంచి విడివడిన చిన్న విమానం వెనక తెల్లటి గీత నిటారుగా పాకింది. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. ఒనేసిమో చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి. గీత చెదిరిపోయినా అక్కడే చూస్తూ నిలబడ్డాడు. చక్రాలు నేల తాకాయని మైకులో చెప్పినప్పుడు గాని అతను కూర్చోలేదు.

డెల్ఫినా తాగినదానిలా తూలుతూ నడిచొచ్చి అతని భుజం పట్టుకుంది. ఏడ్చిన ముఖం. ఇద్దరూ ట్రక్కు ఎక్కి ఊరి దారి పట్టారు.

"మన వైపు చూశావా?" అన్నాడు ఒనేసిమో, దారి మీదినుంచి చూపు తిప్పకుండా.

"ముందు నా కిటికీ మెక్సికో వైపు ఉంది. తర్వాత విమానం తిరిగింది. తిరిగేసరికి ఎదురుగా నలుపు. పొద్దున పూట, సూర్యుడుండగా, అంత నలుపు. దాన్ని చూస్తూ ఉండిపోయాను. మనవైపు చూడనేలేదు."

"మంచిదేలే," అన్నాడు.

కాలువ గట్టు మీదికి రాగానే డెల్ఫినా ముందుకు వంగింది. కుడిపక్క పెకాన్ చెట్ల మొదళ్లలో నీళ్లు, ఆ పక్కన గడ్డిమడిలో నీళ్లు, దాని అవతల కూడా నీళ్లు. లష్కరు పెళ్లానికి వంతులు ఒకరు చెప్పాలా?

"ఆపు," అంది.

దిగి గట్టు మీద నిలబడింది. అతనూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఐదుగురికీ ఒకేసారా?"

"ఊ."

"ముందే చెబితే చూసేదాన్ని కదా."

"చెబితే ఇవే వెతుక్కునేదానివి," అన్నాడు ఒనేసిమో. "ఆ నలుపు చూసేదానివి కాదు."

ఆమె అతని చొక్కా చేతిమీద ఎండిన బురదని గోటితో గీకుతూ నిలబడింది.

చెట్ల అవతలి నుంచి సిప్రియానో కేకేశాడు. "కొమాద్రే, కనబడ్డామా?"

"కనబడ్డారు," అంది డెల్ఫినా గొంతెత్తి.

"అన్ని పొలాలూనా?"

"అన్నీను. నీ ట్రాక్టరు కూడా."

ఒనేసిమో ఆమె వంక చూసి, నవ్వు దాచుకుంటూ, మొదటి తూము దించడానికి గట్టు దిగాడు.