కోలా కొరకని వ్యాపారి

ఆ ఏడు ఎండలు మొదలయ్యేనాటికి తానిము చేతిలో ఉన్నవి ఇవి: కానో ఊరి కోలా బజారులో ఇరవై రెండేళ్ల పేరు, తడి ఆకుల్లో పొదిగిన, వక్కలా నమిలే చేదు కోలా గింజలు ముప్ఫై బుట్టలు, ఎడారి అంచునున్న అగదేజ్ నుంచి లారీతో వచ్చి అందులో సగం ఎత్తుకుపోయే ఇల్లియాసు అనే ఖాతాదారు. వీటితోపాటు రొమ్ము ఎముక వెనక ఒక మంట. అదొక్కటే ఎవరికీ అంటగట్టలేని సరుకు.

మూడేళ్ల మంట అది. తిన్న గంటకల్లా గొంతుదాకా పుల్లగా ఎగదన్నేది. తానిముకు తెలిసిన వైద్యం ఒక్కటే, కోలా నమలడం. కడుపుకి కోలాను మించిన మందు లేదని తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, తనూ ఆ మాట చెప్పే అమ్ముకున్నాడు. మంట ఎక్కువైతే రెండు నమిలేవాడు. అప్పటికీ తగ్గకపోతే గింజలో పస లేదనుకుని పెద్దది తీసేవాడు.

ఒకనాడు బేరం మధ్యలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. గుండెపోటేమోనని భార్య తలాతు ఆసుపత్రికి లాక్కెళ్లింది. గుండె బాగానే ఉందన్నారు. నర్సు హజారా ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, రోజుకెన్ని కోలాలు?"

"బేరానికి సగం చొప్పున పదో పదిహేనో. మంటకి ఇంకో నాలుగు."

"మంటకా? కిరసనాయిలు పోసి ఆర్పుతున్నావన్నమాట!" అంది హజారా. "కడుపు పైన ఒక తలుపు లాంటిది ఉంటుంది. తిండి దిగాక మూసుకోవాలి. నీది వదులైంది, లోపలి పులుపు పైకొస్తోంది. కోలా దాన్ని ఇంకా వదులు చేస్తోంది."

తలుపు సరిగా పడని గోదాము ఎంత నష్టమో తానిముకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అయితే రోజుకి ఐదు నములుతాను."

"ఒక్కటీ వద్దు."

"మూడు. ఆఖరి మాట."

"బాబాయ్, ఇది బజారు కాదు."

పొద్దున్నే తిండికి అరగంట ముందు మాత్ర, ఎనిమిది వారాలు. కొంచెం కొంచెంగా తినాలి, తిన్నాక మూడు గంటలు పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తు పెట్టాలి. ముద్ద గొంతులో అడ్డుపడినా, విరేచనం నల్లగా వచ్చినా, ఊరికే బరువు తగ్గినా అదేరోజు రావాలి. ఇవీ హజారా పెట్టిన షరతులు.

ఇంటికొచ్చి మంచం తలకోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. తలాతు చూసి, "ఒడ్డుకి లాగిన పడవలా ఉందయ్యా. నేను జారిపోతే?" అంది.

"జారితే నీకే నయం. నా గురక వినబడదు."

పొద్దు వాలకముందే జొన్నపిండితో వండిన తువో ముద్ద తిని లేచేవాడు. సగం ముద్దలు గిన్నెలోనే వదిలేస్తుంటే తలాతు మొదట్లో అలిగింది. రెండు వారాలకు మంట సగం పడింది.

ఇల్లు సర్దుకుంది గానీ బజారు సర్దుకోలేదు. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, అమ్మేవాడు ఒక గింజ చీల్చి సగం తను కొరికి, మిగతా సగం కొనేవాడికిచ్చాకే బేరం మొదలు. తానిము కొరకడం మానేశాడన్న మాటను పక్క దుకాణం బరావు ఊరంతా తిప్పాడు.

ఇల్లియాసు లారీ వచ్చినరోజు బరావు నలుగురిలో అరిచాడు. "అల్హాజీ ఇల్లియాసూ, చూసుకో! తన సరుకు తనే నోట పెట్టలేనివాడు నీకేం పెడతాడు? పురుగు పట్టిందేమో!"

ఇల్లియాసు మొహం మాడింది. "తానిమూ, ఒక్కటి కొరుకు. నా దారిన నేను సరుకెత్తుకుంటాను."

ఒక్కటే. కొరికితే సగం సరుకు అమ్ముడవుతుంది. తానిము గింజ చేతిలోకి తీసుకున్నాడు. గొంతులో పాత పులుపు గుర్తుకొచ్చింది. బుట్టలోకి విసిరేశాడు.

"కొరకను. నా గొంతు అమ్మకానికి పెట్టలేదు. ఒక్కమాట చెప్పు అల్హాజీ, ఇన్నేళ్లూ నేను కొరికిన గింజ ఎవరు ఏరారు?"

"నువ్వే."

"మరి పుచ్చుది ఏరుకుని కొరికేంత వెర్రివాణ్ణా? నా పళ్లని చూసి ఏం నమ్మావు నువ్వు?" బుట్టమీది ఆకులు లాగేశాడు. "అడుగుదాకా చెయ్యి పెట్టు. నీకు నచ్చింది తియ్యి, చీల్చు, నువ్వే కొరుకు. పది తియ్యి. పుచ్చుది ఒక్కటి దొరికినా ఆ బుట్ట ఊరికే పట్టుకుపో."

ఇల్లియాసు చెయ్యి మోచేతిదాకా దింపాడు. నాలుగు బుట్టల్లో నలభై గింజలు చీల్చాడు. అన్నీ గట్టిగా, లోపల శుభ్రంగా ఉన్నాయి. చివరిది నములుతూ బరావు బుట్టవైపు తిరిగి అందులోనూ చెయ్యి పెట్టబోయాడు.

"ఆగాగు! నేను కొరికి చూపిస్తాగా!" అంటూ బరావు బుట్టకి అడ్డం పడ్డాడు.

బజారంతా గొల్లుమంది. ఆ వారంలోనే కొనేవాళ్లు ప్రతి దుకాణంలోనూ అడుగుకి చెయ్యి పెట్టడం మొదలెట్టారు.

మాత్రలు అయిపోయిననాడు తానిము చూసుకున్నాడు. పోయినవి: చీల్చిన నలభై గింజలు, బరావు పలకరింపు, తాత చెప్పిన ఒక వైద్యం. మిగిలినవి: ఇల్లియాసు, ఇరవై రెండేళ్ల పేరు, ఇటుకల మంచం, తిన్నది తిన్నచోటే ఉండే కడుపు.