ఎరుపు అంకె

ముదినేపల్లిలో చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో స్టీఫెన్ చేరి ఏడాదైంది. రైతులు తెచ్చిన నీళ్లను గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి, తేలిన రంగును అట్ట మీది రంగులతో పోల్చాలి. పసుపైతే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చకి తిరిగేకొద్దీ చేపలకు గండం. స్టీఫెన్ కళ్లకు ఆ రెండు రంగులూ పుట్టుకతోనే ఒకటి. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, ఏదో వంకన గొట్టాన్ని యజమాని రాజబాబుకి చూపించి నెట్టుకొస్తున్నాడు.

రాజబాబు బందరు వెళ్లిన రోజున చేపల రైతు సోమేశ్వరరావు తన చెరువు నీళ్లు సీసాలో తెచ్చాడు. స్టీఫెన్ ఒక్కడే చూసి, "బాగానే ఉందండీ" అన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే ఆ చెరువులో శీలావతి చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరిచాయి. మధ్యాహ్నానికి సగం చచ్చి తేలాయి. సోమేశ్వరరావు ఎండల్ని తిట్టుకున్నాడు గానీ ల్యాబుని అనుమానించలేదు. తను చెప్పిన ఫలితమే తప్పని స్టీఫెన్‌కి మాత్రం తెలుసు.

ఆదివారం ప్రార్థన ముగిశాక అక్క వినీలకి చెప్పేశాడు. ఆమె గుడివాడలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది.

"ఉద్యోగం మానేస్తావా?" అంది.

"మానను. దారి వెతుకుతాను."

వినీల లాప్‌టాప్‌లో ఒకటి తెరిచి చూపించింది. షాపులో రంగులు సరిపోల్చడానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్ అది. ఉచితంగా దొరుకుతుంది. తెర మీద ఏ చుక్క మీద బాణం పెట్టినా అందులో ఎరుపెంతో, ఆకుపచ్చెంతో, నీలమెంతో అంకెల్లో చూపిస్తుంది.

"రంగు కనపడక్కర్లేదురా. అంకె చదివితే చాలు."

ఆ మర్నాటి నుంచి స్టీఫెన్ అందరికంటే ముందే ల్యాబుకి వచ్చేవాడు. అట్టనీ గొట్టాన్నీ తెల్లకాగితం ముందు పక్కపక్కన నిలబెట్టి, ఒకే ట్యూబ్‌లైటు కింద ఫొటో తీసేవాడు. ఫొటోని అక్క ఇచ్చిన లాప్‌టాప్‌లోకి ఎక్కించి, గొట్టం అంకెల్ని అట్ట అంకెలతో పోల్చేవాడు. మొదటి వారం ఒక్కటీ కుదరలేదు. కిటికీ వెలుగు పడితే అంకెలు మారిపోతున్నాయి. కిటికీకి గోనెపట్టా కట్టాడు. నెల తిరిగేసరికి కిటుకు దొరికింది. అమ్మోనియా పెరిగేకొద్దీ ఎరుపు అంకె పడిపోతోంది.

అప్పుడు రాజబాబు ముందు నిలబడి అంతా చెప్పాడు. ఆయన లోపలికి వెళ్లి, తనకు మాత్రమే తెలిసిన పాళ్లలో అమ్మోనియా కలిపిన నీళ్లతో పది గొట్టాలు తెచ్చాడు. స్టీఫెన్ తొమ్మిదింటికి సరిగ్గా చెప్పాడు. పదోది చూసి, "ఫొటో మసగ్గా ఉంది సార్, మళ్లీ తీస్తాను. ఊహించి చెప్పను" అన్నాడు.

"ఉద్యోగం ఉంటుంది. సోమేశ్వరరావు గారికి మాత్రం నువ్వే చెప్పాలి" అన్నాడు రాజబాబు.

ఆ సాయంత్రమే వెళ్లాడు. సోమేశ్వరరావు చెరువు గట్టు మీద మేత బస్తాలు విప్పుతున్నాడు. స్టీఫెన్ చెప్పింది విన్నాక చేతిలో తాడు కింద పడేశాడు.

"ఏడాదిగా దాచావన్నమాట."

"అవునండీ. తప్పు నాదే. మీరేమన్నా పడతాను."

సోమేశ్వరరావు మేత బస్తా ఎత్తుకుని గట్టు దిగాడు. మేతంతా చల్లాక, ఖాళీ సీసా ముంచి నీళ్లు పట్టి అతని చేతికిచ్చాడు.

"చూసి చెప్పు. రెండుసార్లు చూడు. పక్కనే నేనూ ఉంటాను."

ఇద్దరూ బండెక్కి ల్యాబు వైపు బయల్దేరారు.