మొక్కినవాళ్ల తల

జడ వేసుకోవడానికి కౌసల్యకు ఇరవై నిమిషాలు పడుతుంది. మూడు పాయల జడకు ఇరవై నిమిషాలా అని నవ్వకండి. లింఫోమా క్యాన్సర్‌కు ఎక్కించిన మందులు గడ్డల్ని కరిగించాయి కానీ, పోతూ పోతూ వేళ్ల కొసల్లో స్పర్శను కూడా పట్టుకుపోయాయి. ఏ పాయ ఏ వేళ్ల మధ్య ఉందో చేతికి తెలియదు. అద్దంలో చూసుకుంటూ కళ్లతోనే అల్లాలి. మందులకు రాలిన జుట్టు మళ్లీ పెరిగాక, మొదట్లో జడ సగంలోనే ఊడిపోయేది. కాసేపు ఏడ్చి మళ్లీ మొదలుపెట్టేది. మహా మొండిది! ఆరు నెలలకు అల్లిక పట్టుబడింది. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి తిరిగి వెళ్లిన మొదటి రోజు, ఎలాగూ టోపీ కిందికి పోయే ఆ జడను ఎంత ముస్తాబుగా వేసుకుందో!

"పెండ్లిపిల్ల లెక్క అద్దం ముంగట కూసుంటే చాయ్ ఎవరు పెడ్తరు?" అనేవాడు మొగుడు చంద్రకాంత్. వేళ్ల సంగతి రెండుసార్లు చెప్పి చూసింది. "రిపోర్ట్ సాఫ్ వచ్చింది గద, ఇంకేం బీమారి?" అన్నాడు. చేతిలో గ్లాసు జారితే "సోయి యాడున్నది?" డ్యూటీ దిగి వచ్చి పది నిమిషాలు నడుం వాలిస్తే "ఇంకా పేషెంటువే అనుకుంటున్నవా?" అదే, లక్డారం ఊరినుంచి చుట్టాలు వస్తే మాత్రం "మా ఆమెను బతికించుకునేటందుకు ఎంత పరేషానైన్నో నాకే ఎరుక" అని నిట్టూర్చేవాడు. గిన్నెల దగ్గర ఆమె బాగైన మనిషి, చుట్టాల ముందు రోగిష్ఠి. అలాగని అతను అబద్ధమాడాడా అంటే అదీ కాదు. ఆస్పత్రిలో వాంతుల బకెట్ పట్టింది అతనే. ఆ చేతులు గుర్తొచ్చినప్పుడల్లా కౌసల్యకు అతని మీద కోపం నిలవదు, నిలవనందుకు తన మీద తనకు కోపం వస్తుంది.

మూడేళ్ల చెకప్ మంచిగా వచ్చిన సాయంత్రం అతను చెప్పాడు.

"ఐతారం బొంతపల్లి పోతున్నం. నీ నెత్తి ఇచ్చేది ఉన్నది."

"నా నెత్తా?"

"నువ్వు దవాఖానల ఉన్నప్పుడు వీరన్న దేవునికి మొక్కిన. నువ్వు బతికితే నీ తలనీలాలు ఇప్పిస్తనని. మూడు కత్తెర్లు కాదు, నిండు గుండు."

వెంట్రుకలే గదా, మళ్లీ వస్తాయి గదా అని ఎవరైనా అంటారు. మొదటిసారి పోయినవి ఆమెను అడగకుండానే పోయాయి. ఈ జడ మాత్రం ఆమె చచ్చుబడ్డ వేళ్లు నేర్చుకున్న విద్య. అయినా వద్దనలేకపోయింది. మొక్కు తప్పితే జబ్బు తిరగబెడితే? రోజూ స్నానం చేస్తూ మెడ కింద, చంకల్లో తడుముకుంటుంది. గడ్డ ఉన్నా తెలియని వేళ్లతో తడుముకునే మనిషికి ఆ భయం చిన్నదేమీ కాదు.

ఆదివారం గుడి దగ్గర గుండ్లు చేసే పందిట్లో చంద్రకాంత్ టోకెన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అది వేళ్ల మధ్యనుంచి జారి కింద పడింది.

"గది గూడ పట్టరాదా?"

కౌసల్య ఆ టోకెన్ వంక చూసింది. తర్వాత మొగుడి తల వంక చూసింది.

"నువ్వు మొక్కిన నాడు నా నెత్తి మీద ఒక్క ఎంట్రుక లేదు. లేనిదాన్ని ఎట్ల మొక్కినవ్? నీ నెత్తి నిండ ఉండె. అది యాదికి రాలేదా?"

"పిచ్చి లేసిందా? మొక్కు తప్పితే ఏమైతదో ఎరుకేనా?"

"నీకంటె నాకే ఎక్కువ ఎరుక. గందుకే తప్పొద్దంటున్న. మొక్కినోళ్లు కూసోవాలె."

"అమ్మా, సూడు ఎట్ల మాట్లాడుతుందో!"

కొబ్బరికాయల సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డ అత్త రాధమ్మ ఇన్నేళ్లలో కొడుకు మాటకు ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

"మీ నాయన గూడ గిట్లనే మొక్కిండురా" అంది రాధమ్మ. "కొడుకు పుడితే పెండ్లాం గుండు ఇస్తనని. నీ పుట్టెంట్రుకలు తీసిన నాడే, నిన్ను ఒళ్లె పెట్టుకోని గొరిగించుకున్న. ఆయన పక్కన నిలవడి బీడీ తాగిండు. నన్ను ఒక్క మాట అడగలే."

ఆమె వంగి టోకెన్ తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"కూసో బిడ్డా. నెత్తి ఆడోళ్లదా మొగోళ్లదా అని దేవుడు సూస్తడా?"

వరుసలో ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. గుండు చేసే అతను కొత్త బ్లేడు వేసి పీట జరిపాడు. చంద్రకాంత్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఇంక దారిలేక తల వంచాడు.

దర్శనమయ్యాక బస్సు కోసం నిలబడి ఉంటే అతను నున్నటి తలను తడుముకుంటూనే ఉన్నాడు.

"ఎట్లనో ఉన్నదే. గాలి తాకితే సలి పెడుతున్నది."

"పెడతది. నాకు ఎరుకే" అంది కౌసల్య. జడ ముందుకు వేసుకుని, కొస ముడిని కళ్లతో ఒకసారి సరిచూసుకుంది. "రేపటి సంది పొద్దుగాల నీకు దువ్వుకునే పని గూడ లేదు గద. చాయ్ నువ్వు పెట్టు."